తెర లోపలి సాక్షి

మా ఊరి అమ్మవారిని బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నాననే అనుకున్నాను. ప్రతి శుక్రవారం గుళ్లో చూశాను. పల్లకీ మా ఇంటి ముందు ఆగినప్పుడల్లా చూశాను. కాని నేను చూసింది వెండి ముఖాన్ని, పట్టుచీరని, పూలదండల్ని. వాటి లోపల ఉన్న మూరెడు పంచలోహ విగ్రహాన్ని ఊళ్లో ఒక్క మనిషి తప్ప ఎవరూ చూడలేదు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నేను అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదవాల్సి వచ్చింది.

మాది కొవ్వూరుకు దిగువన కాలవ గట్టు పక్క ఊరు. శివాలయంలో అమ్మవారికి వేరే గది ఉంది. అందులో రాతి విగ్రహం కదలదు. ఊరేగింపులకు, కల్యాణానికి బయటికి వచ్చేది దాని ముందుండే చిన్న పంచలోహ విగ్రహం. పొద్దున్నే అభిషేకం వేళకి పూజారి గారు ఎర్రటి తెర లాగేసేవారు. మేమంతా ఇవతల నిలబడి చెంబు చప్పుడు, నీళ్ల చప్పుడు, ఆయన గొణిగే మంత్రం వినేవాళ్లం. పసుపు వాసన వచ్చేది. తెర తీసేసరికి అమ్మవారు చీర కట్టుకుని, వెండి తొడుగు పెట్టుకుని, బొట్టుతో సిద్ధంగా ఉండేది. చిన్నప్పుడొకసారి తెర అంచు కింద నుంచి తొంగి చూడబోతే మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఇంట్లో ఆడవాళ్లు స్నానం చేస్తుంటే చూస్తావేంట్రా?"

నేను పుట్టక ముందు, పాత విగ్రహాలన్నిటినీ నమోదు చెయ్యడానికి ప్రభుత్వం నుంచి ఒక ఉద్యోగి కెమెరా తగిలించుకుని వచ్చాడట. చీర తీసి, తొడుగు తీసి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు కావాలన్నాడట. ఊరి పెద్దలు ఆయనకు గారెలతో భోజనం పెట్టి, అలంకారంలో ఉన్న అమ్మవారిని ఒక్క ఫోటో తీయనిచ్చి, మర్యాదగా బస్సెక్కించి పంపేశారు. ఈ కథని మా ఊళ్లో యుద్ధం గెలిచినట్టు చెప్పుకునేవారు. నేనూ స్నేహితులకు అలాగే చెప్పాను.

చదువు విషయానికి వస్తే, నేను బడికి పెద్దగా రుణపడలేదు. తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు నాకు నేర్పింది కొవ్వూరు శాఖా గ్రంథాలయం. గాలికి రెపరెపలాడే పేపర్లు, కాళ్లు సరిగ్గా ఆనని బల్ల, పక్కన ఎవరో నమిలే కిళ్లీ వాసన, వీటి మధ్య నిఘంటువు దగ్గర పెట్టుకుని ఒక్కో వాక్యం ఒలుచుకుంటూ చదివాను. తర్వాత రాజమండ్రిలో పెద్ద గ్రంథాలయం పట్టుకున్నాను. బి.ఎల్. పూర్తి చేసి కొవ్వూరు కోర్టులో ఒక సీనియరు దగ్గర జూనియరుగా చేరినా, సాయంత్రం బస్సెక్కి గోదావరి దాటడం మానలేదు. అక్కడి లైబ్రేరియన్ నన్ను చూడగానే తాళంచెవి తీసుకుని లేచేవాడు. ఆ బీరువాలో పుస్తకాలు ఇంకెవరూ అడగరు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో రాజమండ్రిలోనే ఒక ప్రైవేటు లా కాలేజీలో సాయంత్రం ఎల్.ఎల్.ఎం.లో చేరాను. కొత్తగా ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. దేశాల సరిహద్దులు దాటే నేరాలు, అంతర్జాతీయ న్యాయం. యుద్ధాల్లో ఘోరాలు చేసినవాళ్లను విచారించడానికి ప్రపంచానికంతటికీ శాశ్వతంగా ఒక న్యాయస్థానం ఏర్పడుతోందని పేపర్లో చదివి, ఆ రాత్రి అన్నం తింటూ మా అమ్మకు వివరంగా చెప్పాను. ఆవిడ అంతా విని, "మన చేను గట్టు తగువు కూడా అక్కడ తేలుస్తారేంటి?" అంది.

క్లాసులో పట్టుమని పదిమందిమి లేము. వచ్చినవాళ్లు ప్రమోషన్ కోసం వచ్చినవాళ్లు. లెక్చరరు గారు పాత నోట్సు డిక్టేషను చెప్పి వెళ్లిపోయేవారు. నేను పరిశోధనా వ్యాసానికి విగ్రహాల స్మగ్లింగు తీసుకుంటానంటే ఆయన నవ్వారు.

"ఏవండీ, వంతెన దాటి ఇక్కడికి రావడానికే మీకు బస్సు దొరకదు. సరిహద్దులు దాటే నేరాలు కావలసొచ్చాయా?"

అందరూ నవ్వారు. నాకు మండింది. ఆయన చెప్పే నోట్సులో మూడో వంతు తప్పులని నాకు తెలుసు. అసలు పుస్తకాలు నేను చదివాను, ఆయన చదవలేదు.

ఆ ఏడాది గోదావరి ఎర్రబడి, లంకల్లోకి నీళ్లెక్కిన రోజుల్లో మా అమ్మవారు పోయింది.

పొద్దున్నే గుడి తీయడానికి వెళ్లిన పూజారి గారికి తాళం విరిగి కనిపించింది. లోపల పీఠం ఖాళీగా ఉంది. చీర కింద కుప్పగా పడి ఉంది. దాని మీద వెండి తొడుగు ఉంది. పంచలోహ విగ్రహం లేదు. అప్పుడాయన చేసిన పని ఇంకో మతస్థుడు, ఇంకో వృత్తివాడు ఎవడూ చెయ్యడు. ఎవరినీ పిలవలేదు. ముందు బావి దగ్గరికి వెళ్లి తలారా స్నానం చేశారు. గది నేలంతా నీళ్లు పోసి కడిగారు. పసుపునీళ్లు చల్లి శుద్ధి చేశారు. చీర ఉతికి ఆరేశారు. వెండి తొడుగుని చింతపండుతో తోమి, రాతి అమ్మవారి పాదాల దగ్గర పెట్టారు. అప్పుడు బయటికొచ్చి ధర్మకర్త గారి ఇంటి ముందు నిలబడి ఏడ్చారు.

పోలీసులు వచ్చేసరికి గదిలో వేలిముద్ర కాదు కదా, చెప్పుల దుమ్ము కూడా లేదు.

"ఎందుకు కడిగారండీ?" అని నేను తర్వాత అడిగాను.

"ఎవరో ముట్టుకున్నారు కదా నాయనా. మైల పడింది. కడక్కుండా అలా ఎలా వదిలేస్తాను?"

ఆయనకు అది ప్రశ్న కూడా కాదు. పోలీసులకు మాత్రం అదే జవాబు. సాక్ష్యం చెరిపేశాడు. ఇంకో సంగతి ఊరి నోట్లో పడింది. దొంగ వెండి వదిలేసి కంచులాంటి లోహం పట్టుకుపోవడమేంటి? రేవు దగ్గర, టీ కొట్టు దగ్గర ఇదే మాట.

"వెండి ముట్టుకోలేదంటే భక్తుడే అయ్యుంటాడు."

"భక్తుడు కాదు, లోపలి మనిషి. లోపల ఏముందో చూసినోడు ఒక్కడే కదా ఊళ్లో."

నేను వాళ్లకి చెప్పబోయాను. ఇలాంటి దొంగలకు వెండి అక్కర్లేదు, పాత పంచలోహ విగ్రహాలకు విదేశాల్లో కొనేవాళ్లున్నారు, పల్లెటూరి గుళ్ల నుంచి ఓడరేవుల దాకా ముఠాలున్నాయి, దీని మీద దేశాల మధ్య ఒప్పందాలు కూడా ఉన్నాయని. టీ కొట్టతను గ్లాసు కడుగుతూ, "అయితే ఆ ముఠావోళ్లకి మన గుడి దారి ఎవరు చెప్పారంటారు లాయరు గారూ?" అన్నాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లంతా తలలూపారు.

పూజారి గారిని స్టేషనుకి తీసుకెళ్లారు. కొట్టారో లేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. బెయిలు మీద తిరిగొచ్చాక జంధ్యం సర్దుకోవడానికి కుడి చెయ్యి భుజం పైకి లేచేది కాదు. ధర్మకర్త గారు, ఆయన రైసుమిల్లు యజమాని, కేసు తేలేదాకా గుడిలోకి రావద్దన్నారు. సామర్లకోట నుంచి ఒక కుర్ర పూజారిని తెప్పించారు. ఊళ్లోవాళ్లు మా పూజారి గారి ఇంటికి బియ్యం పంపడం మానేశారు. ఎవరూ ఎదురుపడి ఒక్క మాట అనలేదు. మా వైపు మర్యాదకేం లోటు లేదు. "బావున్నారాండీ" అని అడిగి పక్కకు తప్పుకునేవారు.

కేసు నేను చేపట్టాను. మా సీనియరు, "నీకు పరిశోధనకి పనికొస్తుందిలే, నువ్వే చూసుకో" అని కట్ట నా ముందు పడేశారు. పూజారి గారు ఆ రోజు నా గదికి వచ్చి కుర్చీలో కూర్చోలేదు.

"నన్ను వదిలేస్తారా, శిక్ష వేస్తారా, అది వాళ్లిష్టం నాయనా. అమ్మ దొరకాలి. దొరికితే నేనెవరో ఊరికి తెలుస్తుంది. మళ్లీ లోపలికి వెళ్తాను. అంతే."

"దొరుకుతుందండీ. ఇప్పుడు చట్టాలున్నాయి" అన్నాను. ఏ చట్టాలో కూడా చెప్పాను. ఏ ఒప్పందంలో ఏముందో వరసగా చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నారు. మంత్రం విన్నట్టు విన్నారు.

కేసు వాయిదాలు పడుతుండగా ధర్మకర్త గారు కొత్త విగ్రహం పోయించారు. శిల్పిని పిలిపించి, మంచి రోజు చూసి, ప్రతిష్ఠ చేయించి, ఊరందరికీ భోజనాలు పెట్టారు. కొత్త విగ్రహానికి ఆ పాత వెండి తొడుగే తగిలించారు. కల్యాణం రోజు పల్లకీ మా ఇంటి ముందు ఆగింది. మా అమ్మ హారతి పళ్లెం పట్టుకుని వెళ్లి, ఆ ముఖాన్ని చూసి, కళ్లు ఒత్తుకుంది.

"తిరిగొచ్చిందిరా. చూడు, అచ్చం అదే నవ్వు."

నిజమే. అచ్చం అదే నవ్వు. తొడుగు మారలేదు కదా.

మరుసటి ఏడాది మద్రాసు వైపు ఒక ముఠా పట్టుబడింది. గోదావరి జిల్లాల్లో, కృష్ణా వైపు, ఇంకా కింద తమిళ దేశంలో చిన్న చిన్న గుళ్లు వాళ్లే పగలగొట్టామని ఒప్పుకున్నారు. ఊళ్ల పేర్లు వాళ్లకు గుర్తు లేవు. కాలవ పక్క గుడి అని ఒకడు చెప్పాడట. గోదావరి జిల్లాల్లో కాలవ పక్క లేని గుడి ఏది? సరుకు చేతిపనుల బొమ్మల పేరుతో ఓడెక్కింది. కొన్ని విగ్రహాలు పరదేశంలో ఒక పెద్ద మ్యూజియంలో తేలాయి. అక్కడి పోలీసులు తీయించిన ఫోటోలు ఢిల్లీకి, అక్కడి నుంచి హైదరాబాదుకి, అక్కడి నుంచి మా స్టేషనుకి వచ్చాయి. ఏ ఊరు తమ విగ్రహాన్ని గుర్తు పడుతుందో ఆ ఊరి దొంగతనం ఆ ముఠా లెక్కలోకి పోతుంది. అంటే మా పూజారి గారు బయటపడతారు. ఇన్‌స్పెక్టరు గారు ఈ మాట నాకు ఫోనులో చెప్పారు. అంత దూరం నుంచి అంత న్యాయం మా కాలవ గట్టు దాకా నడిచొచ్చిందనిపించింది. నా వ్యాసంలో చివరి అధ్యాయానికి అప్పటికప్పుడు శీర్షిక కూడా పెట్టేశాను.

స్టేషనులో ఆ ఫోటోలు చూపించే ముందు రోజు పూజారి గారిని అడిగాను, విగ్రహానికి గుర్తులేమైనా ఉన్నాయా అని. ఆయన కళ్లు మూసుకుని, ఎడమ చేతిని గాలిలో కిందికి జరుపుతూ చెప్పారు.

"వీపు మీద జడ ఉంటుంది. జడ కొస అరిగిపోయింది. మా తాతల నాటి నుంచీ అక్కడే పట్టుకుని ఎత్తుతాం. కుడి పాదం బొటనవేలు పక్కన చిన్న సొట్ట. ఎప్పుడో పల్లకీ మీంచి జారిందట. నడుం దగ్గర పసుపు ఇరుక్కుంటుంది, ఎంత కడిగినా పోదు."

మర్నాడు స్టేషనుకి ధర్మకర్త గారు, ఆయనతో ఊరి పెద్ద రైతు ఒకాయన వచ్చారు. గుడి తరఫున గుర్తు పట్టవలసినవాళ్లు వాళ్లిద్దరూ. పూజారి గారు ముద్దాయి కాబట్టి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు గారు మంచివాడే. కవరులోంచి ఫోటోలు తీసి పేకముక్కల్లా బల్ల మీద పరిచారు.

ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచీ తీసిన ఫోటోలు. తెల్లటి గుడ్డ మీద నిలబెట్టి, పక్కన కొలబద్ద పెట్టి, మీద దీపాలు వేసి తీశారు. చీర లేదు, పువ్వు లేదు, బొట్టు లేదు. సన్నటి నడుము, నిండైన రొమ్ములు, ఒక పక్కకు ఒరిగిన తుంటి. ముఖం వెండి ముఖంలా గుండ్రంగా లేదు. కోలగా, కాస్త అలసినట్టుగా ఉంది.

పెద్ద రైతు ఒక్క క్షణం చూశాడు. చటుక్కున ముఖం గోడ వైపు తిప్పుకుని లెంపలు వేసుకున్నాడు.

"అపచారం, అపచారం. తీసెయ్యండి బాబూ, తీసెయ్యండి."

"చూసి చెప్పండి పెద్దాయనా. మీదేనా కాదా?"

"ఎవరి తల్లయితేనేమండి, ఇలా చూస్తారేంటండీ? ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబెట్టి ఫోటో తీసినోడి చేతులు పడిపోను!"

నేను ఆయన పక్కకు వెళ్లి బతిమాలాను. "బాబాయ్, ఒక్కసారి చూడు. వీపు వైపు ఫోటో ఒక్కటి చాలు. నువ్వు చూస్తేనే ఆవిడ తిరిగొస్తుంది."

"నువ్వు చూడరా. నువ్వు చదువుకున్నోడివి, నీకేం కాదు. నా కళ్లు పోతాయి."

ధర్మకర్త గారు మాత్రం చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో ఫోటో చేత్తో తీసుకుని, నిదానంగా చూశారు. తర్వాత వాటిని సమంగా పేర్చి ఇన్‌స్పెక్టరు గారి ముందుకు తోశారు.

"ఇది మా అమ్మవారి ముఖం కాదండి."

"మీరు అలంకారం లేకుండా ఎప్పుడైనా చూశారాండీ?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. కోపం లేదు, నవ్వారు. "ఏవోయ్ లాయరూ, మాది పరువుగల ఊరు. అమ్మవార్ని బట్టలిప్పి చూసే అలవాటు మాకు లేదు. నీ పుస్తకాల్లో ఉందేమో."

కానిస్టేబుళ్లు కూడా నవ్వారు.

"మరి చూడకుండా కాదని ఎలా చెప్తారండీ?"

"మా అమ్మవారు గుళ్లోనే ఉన్నారయ్యా. మొన్న శుక్రవారం కూడా దర్శనం చేసుకొచ్చాను. నువ్వు రావడం మానేశావు గాని, మీ అమ్మగారు వచ్చారు, అడుగు." తర్వాత ఇన్‌స్పెక్టరు గారితో గొంతు తగ్గించి, "ప్రతిష్ఠ అయిపోయిందండి. ఇప్పుడు ఇంకో విగ్రహం తెచ్చిపెడితే ఒకే గుళ్లో ఇద్దరమ్మలు అవుతారు. ఊరికి అరిష్టం. మాకేం అక్కర్లేదు" అన్నారు.

నేను వెనక వైపు ఫోటో తీసుకున్నాను. నడుం దిగిన జడ. కొస దగ్గర వేళ్లు పట్టి పట్టి నున్నగా అరిగిపోయింది. పక్క ఫోటోలో కుడి పాదం బొటనవేలు పక్కన సొట్ట. నడుం మడతలో ఏదో మరక. రంగు ఫోటోయే కాని అది పసుపో, వెలుతురో చెప్పలేను. ఇన్‌స్పెక్టరు గారికి చూపించాను. వరండాలో ఉన్నాయన ఇవన్నీ నాకు నిన్ననే చెప్పాడని, పిలిచి అడగండని అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ముద్దాయి గుర్తు పట్టడమేంటండీ లాయరు గారూ? మీకు తెలీదేంటి? పైగా అన్ని గుర్తులు చెప్పాడంటే ఇంకా ఇరుక్కుంటాడు. ఇంత వివరంగా ముఠాకి కూడా నువ్వే చెప్పావా అంటారు. మీరే ఆలోచించుకోండి."

ఆలోచించాను. చట్టం ప్రకారం ఆయన చెప్పింది సరైనదే. చూసిన కళ్లు ఒక్క జతే ఉన్నాయి, ఆ కళ్లు చెల్లవు. చెల్లే కళ్లు చూడనంటున్నాయి. నేను చదివిన ఒప్పందాల్లో ప్రతి దేశానికీ, ప్రతి మ్యూజియానికీ, తెలియక కొన్నవాడికీ హక్కులున్నాయి. ఎర్ర తెర గురించి ఒక్క ముక్క లేదు. ఇన్‌స్పెక్టరు గారు "చూపించితిమి, గుర్తించలేదు" అని రాసి ఇద్దరి చేతా సంతకాలు తీసుకున్నారు. పెద్ద రైతు సంతకం పెడుతున్నప్పుడు కూడా కాగితం వైపే చూశాడు గాని పక్కనున్న కవరు వైపు చూడలేదు.

వరండాలోకి వెళ్లేసరికి పూజారి గారు లేచి నిలబడ్డారు.

"చూశావా నాయనా? అమ్మేనా?"

"అమ్మేనండీ."

ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయారు. కుడి చెయ్యి సగంలో ఆగిపోయింది. తర్వాత ఆయన అడిగింది కేసు గురించి కాదు.

"ఒంటి మీద ఏమైనా కప్పారా?"

కప్పారని చెప్పాను. లోపల ఏమైందో ఆయనకు చెప్పడానికి అక్కడి నుంచి ఊరిదాకా నడవాల్సి వచ్చింది. చెప్పాక ఆయన, "వాళ్లని ఏమనకు. అమ్మని అలా చూడలేకపోయారు, మంచిదే కదా" అన్నారు. నాకు ఆ మంచితనం మీద ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఇంటికి వెళ్లేసరికి కబురు నాకంటే ముందే చేరింది. మా అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"అమ్మవారిని చీర లేకుండా చూపించారంట. నువ్వు కూడా చూశావా?"

"చూశాను."

ఆవిడ లోపలికి వెళ్లింది. చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. కాళ్లు కడుక్కోబోతే, "కాళ్లు కాదురా, కళ్లు" అంది.

వ్యాసం పూర్తి చేశాను. పేరు, ఊరు లేకుండా మా కథని ఒక అధ్యాయంగా పెట్టాను. లెక్చరరు గారు ఆ అధ్యాయం తీసెయ్యమన్నారు. "స్థానిక విషయాలు ఎందుకండీ? ఇది అంతర్జాతీయ సబ్జెక్టు. మంచి ఫారిన్ కేసులు నాలుగు పెట్టండి." తీసేశాను. వైవాకి బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు వ్యాసం తిరగేస్తూ, సొంత దేశానికి విగ్రహాన్ని రప్పించుకోవడంలో ముఖ్యమైన అడ్డంకి ఏమిటని అడిగారు. రుజువు భారం అని చెప్పాను. "వెరీ గుడ్" అన్నారు. కాజు బిస్కెట్లు తిన్నాం. నాకు ఫస్టు క్లాసు వచ్చింది. కాలేజీ నోటీసు బోర్డులో నా పేరు పెట్టారు. లైబ్రేరియన్ నా చెయ్యి పట్టుకుని ఊపి, ఆ బీరువా ఇక తెరిచేవాడు లేడన్నాడు. అది నిజమై ఉంటుంది.

కేసు ఆ తర్వాత తేలింది. పూజారి గారి మీద నేరం రుజువు కాలేదని కొట్టేశారు. రుజువు కాలేదన్నారే గాని, చెయ్యలేదని తీర్పులో ఎక్కడా లేదు. నేను జడ్జి గారి మాట ఊళ్లో చదివి వినిపించాను. టీ కొట్టతను, "మొత్తానికి తప్పించారన్నమాట. లాయరంటే మీరండీ" అని నన్ను మెచ్చుకున్నాడు. టీకి డబ్బులు తీసుకోలేదు.

గుడిలో పని మాత్రం తిరిగి ఇవ్వలేదు. కుర్ర పూజారి అప్పటికే స్థిరపడ్డాడు, ఆయన గొంతు బాగుంటుందని ఊరంతా సంతోషించింది. ధర్మకర్త గారు నాతో మర్యాదగానే చెప్పారు. "ఆయన పెద్దవారయ్యారండి. చెయ్యి కూడా సరిగా లేదు. దర్శనానికి ఎప్పుడైనా రావచ్చు, ఎవరు కాదన్నారు?"

తీర్పు తర్వాత వచ్చిన శుక్రవారం పూజారి గారు గుడికి వచ్చారు. నేను మా అమ్మతో అక్కడే ఉన్నాను. ఉతికిన పంచె కట్టుకుని, తడి జుట్టుతో, తిన్నగా నడిచొచ్చారు. అలవాటు మీద గది గడప దాకా వెళ్లిపోయారు. అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, మాతో పాటు వరసలో నిలబడ్డారు. కుర్ర పూజారి ఆయన్ని చూసి తల వంచి, తెర లాగేశాడు.

ఆయన మా అందరిలా చేతులు జోడించలేదు. ఎర్ర గుడ్డకేసి చూస్తూ నిలబడ్డారు. లోపల చెంబు తగిలిన చప్పుడు వచ్చింది. నీళ్లు పడ్డ చప్పుడు వచ్చింది. ఆయన ఎడమ చెయ్యి పక్కన వేలాడుతూనే, వేళ్లు మాత్రం సన్నటి కొస దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

తెర తీశారు. గంట మోగింది. వెండి ముఖం అదే నవ్వు నవ్వుతోంది. హారతికి అందరూ ముందుకు తోసుకొచ్చారు. ఆయన కదల్లేదు.

"కాస్త జరగండి పూజారి గారూ" అన్నారు ధర్మకర్త గారు, ఎంతో మర్యాదగా. "వెనకవాళ్లకి అమ్మవారు కనపడట్లేదు."

ఆయన పక్కకు జరిగారు.